ట్యాగ్ కొనేముందు మన ఫోన్ చూసుకుందాం, మన కొండను కూడా చూసుకుందాం

పోస్టు కొంచెం పెద్దదే. స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి బ్లూటూత్ ట్యాగ్ కొందామనుకుంటున్నవాళ్లు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

కౌన్సెలింగ్ రోజులు వచ్చాయంటే మన పిల్లలు ఒక్క ఫైల్లో బతుకంతా పెట్టుకుని బస్సెక్కుతారు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఎస్టీ సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ అన్నీ ఒకే బ్యాగులో ఉంటాయి. పల్లపు ప్రాంతం పిల్లాడి బ్యాగు పోతే వాళ్ల నాన్న మరుసటి రోజే ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. మన పిల్లాడి బ్యాగు పోతే పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు, నోటరీ అఫిడవిట్, చదివిన ఆశ్రమ పాఠశాలలో సంతకం, ఒక్కో పనికి ఒక్కో రోజు కూలి పోగొట్టుకుని తిరగాలి. ఈలోగా సీటు పోతుంది. అందుకే "అన్నా, బ్యాగులో వేసుకునే ట్యాగ్ ఏదైనా ఉందంట కదా, ఏది కొనమంటావ్" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రశ్న మంచిదే. కానీ చాలామంది ట్యాగ్ గురించి అడుగుతున్నారు, ఫోన్ గురించి అడగట్లేదు. అసలు చిక్కు ఫోన్ దగ్గరే ఉంది.

నేను చెప్పదలచుకున్నది రెండు ముక్కలు. ఒకటి, ఈ ట్యాగులు అన్ని ఫోన్లకీ పనిచేయవు, పనిచేయకుండా చేసింది టెక్నాలజీ కాదు, కంపెనీల వ్యాపారం. రెండు, మన ఫోన్‌కి సరిపోయే ట్యాగ్ కొన్నా కూడా మన ఏజెన్సీలో అది సగమే పనిచేస్తుంది. ఆ మిగతా సగం మనం కొంతవరకు సొంతంగా బాగుచేసుకోవచ్చు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. చాలామంది ట్యాగులో జీపీఎస్ ఉంటుందనుకుంటారు. ఉండదు. సిమ్ కూడా ఉండదు. లోపల ఉండేది ఒక చిన్న బ్లూటూత్ చిప్పు, గుండ్రటి సీఆర్ 2032 బ్యాటరీ. వాచీల షాపులో దొరికేదే, దాదాపు ఏడాది వస్తుంది. ఆ ట్యాగు "నేనిక్కడ ఉన్నా" అని చిన్న సంకేతం వదులుతూ ఉంటుంది. ఆ కేక ఇంట్లో అయితే పది మీటర్లు, అడ్డం లేని చోట ఇంకాస్త దూరం వినిపిస్తుంది. మీరు ఆ దూరంలో ఉంటే మీ ఫోనే వింటుంది, ట్యాగుని మోగించి వెతుక్కోవచ్చు. మీరు లేకపోతే పక్కన పోతున్న ఎవరిదో ఫోన్ వింటుంది. ఆ ఫోన్‌కి తానెక్కడుందో తెలుసు కాబట్టి, ఆ చోటుని తాళం వేసి కంపెనీ సర్వర్‌కి పంపుతుంది. ఆ తాళం చెవి మీ దగ్గరే ఉంటుంది. ఫోన్ మోసుకెళ్తున్న ఆ మనిషికి ఇదంతా జరిగినట్టు కూడా తెలియదు.

అంటే మీరు డబ్బు పెట్టి కొంటున్నది ఆ బిళ్ల ఒక్కటే కాదు. దారినపోయేవాళ్ల ఫోన్ల సాయం కొంటున్నారు. ఆ ఫోన్లు మీ ట్యాగు కేకని "మాదే" అనుకుని వింటాయా లేదా అన్నదే మొత్తం కథ.

ఇక్కడే దొడ్లు కట్టారు. యాపిల్ వాడి ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది, మన దేశంలో అప్పుడు ఒక్కోటి 3,190 రూపాయలు. దాన్ని మొదలుపెట్టాలంటే ఐఫోన్ గానీ ఐప్యాడ్ గానీ ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌తో అది జత కాదు. శామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్ కూడా అదే ఏడాది వచ్చింది, రెండో రకం 2023లో వచ్చింది. పేరుకి ఆండ్రాయిడ్ కంపెనీ, కానీ ఆ ట్యాగు గెలాక్సీ ఫోన్లతోనే పనిచేస్తుంది. రెడ్‌మీ, రియల్‌మీ, వివో, ఒప్పో, మోటో ఉన్నవాళ్లకి పనికిరాదు. గూగుల్ తన నెట్‌వర్క్‌ని 2024 ఏప్రిల్‌లో అమెరికా, కెనడాల్లో మొదలుపెట్టి తర్వాత మిగతా దేశాలకి తెచ్చింది. ఆండ్రాయిడ్ 9, ఆ పైన ఉన్న ఫోన్లు ఏ కంపెనీవైనా ఇందులోకి వస్తాయి. మన దగ్గర జియో వాళ్లు దీనికోసం జియోట్యాగ్ గో అని 2024 డిసెంబర్‌లో 1,499 రూపాయలకి తెచ్చారు. అదే కంపెనీది జియోట్యాగ్ ఎయిర్ ఇంకోటి ఉంది, ధర అంతే, చూడ్డానికి కూడా దాదాపు అంతే, కానీ అది యాపిల్ నెట్‌వర్క్‌కి గానీ జియో సొంత యాప్‌కి గానీ పనిచేసేది. ఒక కంపెనీ, ఒక ధర, పేరులో చివరి ముక్క తేడా. తప్పుది వచ్చిందంటే గూగుల్ నెట్‌వర్క్‌లో కలవదు.

టైల్ అని ఇంకోటి ఉంది, ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ రెండింటికీ జత అవుతుంది. బాగుంది కదా అనిపిస్తుంది. కానీ పోయిన వస్తువుని వెతికేది ఆ కంపెనీ యాప్ వేసుకున్న ఫోన్లే. చింతపల్లి సంతలో ఆ యాప్ ఎన్ని ఫోన్లలో ఉంటుందో మీరే ఆలోచించండి.

పేర్ల దగ్గర ఇంకో ఉచ్చు. యాపిల్ వాడిది "ఫైండ్ మై". గూగుల్ వాడిది నిన్నమొన్నటి దాకా "ఫైండ్ మై డివైస్", 2025లో "ఫైండ్ హబ్" అని మార్చాడు. శామ్‌సంగ్ వాడిది "ఫైండ్ మై మొబైల్" అని ఉండేది. ఆన్‌లైన్లో ఆరేడు వందలకి దొరికే ట్యాగు మీద "ఫైండ్ మై నెట్‌వర్క్‌తో పనిచేస్తుంది" అని రాసి ఉంటే మనోడు తన ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్నదే అనుకుంటాడు. అది ఐఫోన్ వాళ్లది. "రెండింటికీ పనిచేస్తుంది" అని అమ్మేవి కూడా ఉన్నాయి, వాటిలో చాలావరకు మొదలుపెట్టేటప్పుడు ఏదో ఒక నెట్‌వర్క్‌నే ఎంచుకోవాలి, రెండూ ఒకేసారి పనిచేయవు. ఇంకా నూట యాభై, రెండొందలకి దొరికే రంగురంగుల బిళ్లలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి వెనక నెట్‌వర్కే ఉండదు. గదిలో తాళాలు ఎక్కడ పెట్టావో వెతుక్కోడానికి సరే, బస్సులో పోయిన బ్యాగుకి పనికిరావు.

మన దేశంలో స్మార్ట్‌ఫోన్ ఉన్న నూటికి తొంభై మందికి పైగా వాడేది ఆండ్రాయిడే. మన హాస్టళ్లలో అయితే చెప్పక్కర్లేదు, అది కూడా అన్న వాడి ఇచ్చిన పాత ఫోనో, సెకండ్ హ్యాండ్ ఫోనో. అయినా వీడియోల్లో, రీల్స్‌లో ట్యాగ్ అంటే ముందు కనిపించేది ఎయిర్‌ట్యాగే. ఎనిమిది వేల ఫోన్ ఉన్నవాడికి మూడు వేల బిళ్లని చూపించి, దానికి యాభై వేల ఫోన్ కావాలన్న మాట చిన్న అక్షరాల్లో పెడుతున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

"కంపెనీ వాడి వస్తువు, వాడి ఇష్టం, మనకెందుకు" అని కొందరు అంటారు. నిజంగానే ఇది టెక్నాలజీ వల్ల సాధ్యం కానిదైతే నేనూ అదే అందును. కానీ కాదు. బ్లూటూత్ అందరికీ ఒకటే. మీ రెడ్‌మీ ఫోన్‌కి ఏ కంపెనీ ఇయర్‌బడ్స్ అయినా కలుస్తున్నాయి కదా. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు యాపిల్, గూగుల్ రెండూ కలిసి, ఐఫోన్, ఆండ్రాయిడ్ ఒకదాని బ్లూటూత్ సంకేతం ఒకటి విని కాంటాక్టులు గుర్తించే ఏర్పాటు చేశాయి. ఎయిర్‌ట్యాగులు ఆడవాళ్ల బ్యాగుల్లో దొంగచాటుగా వేసి వెంటపడుతున్నారని గొడవలు, అమెరికాలో కోర్టు కేసులు అయ్యాక, 2023 మేలో ఇద్దరూ కలిసి ఒక ఉమ్మడి పద్ధతి ప్రతిపాదించారు. 2024 మేలో అమల్లోకి తెచ్చారు. ఇప్పుడు ఎవరిదో ఎయిర్‌ట్యాగ్ మీ వెంట వస్తుంటే మీ ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్చరిస్తుంది. అంటే మీ ఫోన్ ఆ ట్యాగుని వినగలదు, గుర్తుపట్టగలదు. ప్రమాదం వచ్చినప్పుడు వినే చెవి, పోయిన బ్యాగు దగ్గరికొచ్చేసరికి చెవిటిదవుతుందా?

మన దేశంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఒకప్పుడు ఒక వాలెట్లో ఉన్న డబ్బు ఇంకో వాలెట్‌కి వెళ్లేది కాదు. 2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు పాడేరు సంతలో పసుపు అమ్మే అవ్వ దగ్గర ఏ యాప్ స్కానర్ ఉన్నా, మన దగ్గర ఏ యాప్ ఉన్నా డబ్బు పోతుంది. అంతకుముందు 2011లో నంబర్ మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతా వచ్చింది. ఈ రెండూ కంపెనీలు దయతలచి ఇచ్చినవి కావు, పైనుంచి ఒక నిబంధన, ఒక ఉమ్మడి పద్ధతి పెట్టారు కాబట్టి వచ్చాయి. యూరప్ వాళ్లు 2024 చివరి నుంచి ఫోన్లన్నిటికీ టైప్-సీ ఛార్జింగే ఉండాలని చట్టం చేశారు, యాపిల్ కూడా మారక తప్పలేదు. ట్యాగుల విషయంలో కూడా ఎవరి ట్యాగునైనా ఎవరి ఫోనైనా వెతికిపెట్టాలన్న నిబంధన అడగడంలో అత్యాశ ఏం లేదు.

దీనికి ఒక నిజమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయకూడదు. అన్ని ఫోన్లూ అన్ని ట్యాగుల్నీ వింటే, దొంగచాటుగా వెంటపడేవాడికి కూడా పని సులువవుతుంది కదా అని. అవును, అవుతుంది. ముఖ్యంగా మన చెల్లెళ్ల విషయంలో ఇది తేలిగ్గా తీసుకోవద్దు. హెచ్చరిక వచ్చేది ఆండ్రాయిడ్ 6, ఆ పైన ఉన్న స్మార్ట్‌ఫోన్లకీ, కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న ఐఫోన్లకీ మాత్రమే. కీప్యాడ్ ఫోన్ ఉన్న అమ్మాయికి ఏ హెచ్చరికా రాదు. ఎయిర్‌ట్యాగ్ అయితే యజమానికి దూరంగా 8 నుంచి 24 గంటలు ఉన్నాక కదిలినప్పుడు శబ్దం చేస్తుంది, బస్సు రొదలో అది వినపడితే అదృష్టం. కానీ చూడండి, ఈ ప్రమాదం దొడ్లు కట్టడం వల్ల తగ్గలేదు. దొడ్లు ఉండగానే వచ్చింది, రెండు కంపెనీలూ కలిశాకే కాస్త అదుపులోకి వచ్చింది. కాబట్టి భద్రత పేరు చెప్పి వ్యాపారాన్ని కాపాడుకోవడాన్ని నేను ఒప్పుకోను. రెండూ కలిపి అడగాలి.

అక్కాచెల్లెళ్లు ఒక పని చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అని ఉంటుంది, అందులో "అన్‌నోన్ ట్రాకర్ అలర్ట్స్" ఉంటుంది. కొన్ని ఫోన్లలో గూగుల్ అన్న దాని కింద ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అక్కడే స్కాన్ చేసే బటన్ ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ లేని స్నేహితురాలు పండక్కి ఊరెళ్తుంటే ఆమె బ్యాగు పక్కన ఒకసారి స్కాన్ చేసి పంపండి. ఏదైనా దొరికితే ముందు ఫొటో తీసుకోండి, తర్వాత బ్యాటరీ తీసేయండి, 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి. భయపడి పారేస్తే ఎవరు పెట్టారో తెలిసే దారి పోతుంది.

ఇప్పుడు రెండో ముక్క, మన కొండ సంగతి.

ట్యాగు పనిచేయాలంటే పక్కన ఫోన్ ఉండాలి, ఆ ఫోన్లో బ్లూటూత్, లొకేషన్ ఆన్‌లో ఉండాలి, ఎప్పుడో ఒకప్పుడు దానికి నెట్ అందాలి. విశాఖ కాంప్లెక్స్‌లో ఈ మూడూ ఉన్న ఫోన్లు వందల్లో ఉంటాయి. చోడవరం, మాడుగుల దాకా పర్లేదు. ఘాట్ ఎక్కాక సిగ్నల్ పోతుంది. ఇంకా లోపలి ఊళ్లలో ఫోన్ మాట్లాడాలంటే గట్టు ఎక్కాల్సిన చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఉట్నూరు వైపైనా, ఏటూరునాగారం వైపైనా, సీతంపేట వైపైనా లోపలి గూడేల కథ ఇంతే. అక్కడ ట్యాగు ఎంత అరిచినా వినేవాళ్లు తక్కువ.

దీనికి తోడు గూగుల్ ఒక నియమం పెట్టింది. మామూలుగా ఆండ్రాయిడ్ ఫోన్లు "జనం ఎక్కువ తిరిగే చోట్ల మాత్రమే" అన్న సెట్టింగ్‌లో ఉంటాయి. అంటే ఒకే ట్యాగుని ఒకటికి మించి ఫోన్లు చూస్తేనే ఆ చోటు యజమానికి చూపిస్తుంది. ఎందుకలా అంటే, ఒక్క ఫోన్ చూసినా చూపిస్తే ఆ ఫోన్ మనిషి ఎక్కడున్నాడో బయటపడొచ్చని. ఆలోచన మంచిదే. కానీ ఆ నియమం రాసినవాళ్ల కళ్లముందు విమానాశ్రయం, షాపింగ్ మాల్ ఉన్నాయి. బస్సుకి ఒకటే ట్రిప్పు ఉండే ఊరు లేదు. మన ఊళ్లో ట్యాగు పక్కనుంచి పొద్దున ఒక ఫోన్, సాయంత్రం ఒక ఫోన్ పోతాయి. ఆ లెక్కన మన బ్యాగు చాలాసార్లు మ్యాపులో కనబడకుండానే ఉండిపోతుంది.

ఇది మాత్రం మన చేతిలో ఉంది. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో ఫైండ్ హబ్, అందులో "ఫైండ్ యువర్ ఆఫ్‌లైన్ డివైసెస్" అన్న దగ్గర నాలుగు ఎంపికలు ఉంటాయి. చివరిది "విత్ నెట్‌వర్క్ ఇన్ ఆల్ ఏరియాస్". అది పెట్టుకుంటే మీ ఫోన్ ఒక్కటే చూసినా పక్కవాడి ట్యాగు చోటు చెప్పగలదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్యాగు కొన్నవాడు ఒక్కడూ మార్చుకుంటే లాభం లేదు, చుట్టూ తిరిగేవాళ్లు మార్చుకోవాలి. మన గూడెంలో, మన హాస్టల్లో, మన రూట్ బస్సులో తిరిగే పిల్లలంతా మార్చుకుంటే మన దారుల్లో మనకో నెట్‌వర్క్ తయారవుతుంది. ఒకరి పొలం కోతకి అందరూ సాయం పోయే అలవాటు మనకి కొత్త కాదు కదా. ఎవరి గోప్యత వాళ్ల ఇష్టం, బలవంతం ఏం లేదు. కానీ తెలిసి నిర్ణయించుకోవాలి, తెలియక కాదు.

మేకలకి, ఆవులకి కడదామా అని కూడా కొందరు అడుగుతున్నారు. వద్దు. అడవిలో మేక పక్కన ఫోన్ ఉండదు. పశువులకి జీపీఎస్, సిమ్ ఉన్న పరికరాలు వేరే ఉంటాయి, వాటికీ సిగ్నల్ కావాలి. అడవిలో తప్పిపోయిన ఆవుని వెతకడంలో మెడలో గంట, మన తాత చెవి ఇప్పటికీ ఈ బిళ్ల కంటే మెరుగు.

"ఇదంతా ఎందుకు, తినడానికే మెస్ ఛార్జీలు చాలట్లేదు, ట్యాగులు మనకి అవసరమా" అని అడిగే అన్నలకి నా జవాబు. నిజమే, చాలామందికి అవసరం లేదు. అసలు డబ్బు పెట్టకముందు చేయాల్సినవి మూడున్నాయి. మన చేతిలో ఉన్న ఖరీదైన వస్తువు ఫోనే, దాన్ని వెతికే ఫైండ్ హబ్ అందులోనే ఉచితంగా ఉంది. ఫోన్‌కి పిన్ గానీ ప్యాటర్న్ గానీ పెట్టి, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, జీమెయిల్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. పోయాక దొరక్కపోతే సంచార్ సాథీలో ఫోన్‌ని బ్లాక్ చేయొచ్చు, దానికి ఐఎంఈఐ నంబర్ కావాలి, ఇప్పుడే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి రాసి పెట్టుకోండి. మూడోది డిజిలాకర్. అందులోకి బోర్డు నుంచి నేరుగా వచ్చిన మెమోలకి ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉందని కేంద్రం నిబంధనల్లోనే ఉంది. మనం ఫొటో తీసి ఎక్కించుకున్నవాటికి ఆ విలువ ఉండదు, ఆ తేడా గుర్తుపెట్టుకోండి. ఈ మూడింటికీ ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇవి చేశాక కూడా ట్యాగ్ కొనాలనుకుంటే కొనండి, తప్పేం లేదు. కొనేముందు ఇవి చూడండి:

1. మీ ఫోన్లో ఆండ్రాయిడ్ ఎన్నోది? సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్"లో ఉంటుంది. 9 కంటే తక్కువైతే గూగుల్ ట్యాగ్ కొనకండి.

2. డబ్బా మీద గూగుల్ ఫైండ్ హబ్ అని గానీ, పాత పేరు ఫైండ్ మై డివైస్ అని గానీ ఉందా? ఉత్త "ఫైండ్ మై", పక్కన యాపిల్ గుర్తు ఉంటే అది మనది కాదు.

3. మీది గెలాక్సీ ఫోనే అయినా, వచ్చే ఏడాది కూడా అదే కంపెనీ ఫోన్ వాడతారా? ఫోన్ మారితే స్మార్ట్‌ట్యాగ్ మూలన పడుతుంది.

4. సెకండ్ హ్యాండ్ ఎయిర్‌ట్యాగ్ చవగ్గా వస్తుందని కొనకండి. పాత యజమాని తన అకౌంట్ నుంచి తీసేయకపోతే అది ఐఫోన్‌తో కూడా మొదలవ్వదు.

5. వెనక్కి తీసుకునే గడువు ఉన్న చోటే కొని, ఆ గడువులోపే హాస్టల్ దగ్గర, బస్టాండ్లో, ఊళ్లో మూడు చోట్లా పెట్టి చూడండి. ఊళ్లో కనబడకపోతే అది దేనికి పనికొస్తుందో, దేనికి రాదో మీకే తెలుస్తుంది.

చివరిగా మన సంఘాల పెద్దలకి ఒక మాట. ఫోన్ టవర్ల కోసం ఐటీడీఏల ముందు మనం ఎన్నో అర్జీలు పెట్టాం, పెడుతూనే ఉన్నాం. ఆ అర్జీల్లో ఇంకో రెండు వాక్యాలు చేర్చాలి. ఏ ట్యాగు ఏ ఫోన్‌కి పనిచేస్తుందో, పనిచేయదో డబ్బా ముందువైపు తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. మన దేశంలో అమ్మే ట్యాగు దేన్నైనా మన దేశంలో అమ్మే ఫోన్ ఏదైనా వెతికిపెట్టేలా ఉమ్మడి నిబంధన రావాలి. టవర్ వచ్చాక కూడా ఈ దొడ్లు అలాగే ఉంటే, సిగ్నల్ ఉండి కూడా మన వస్తువు మనకి కనబడదు. చవక ఫోన్ ఉన్నవాడి బ్యాగు విలువ ఖరీదైన ఫోన్ ఉన్నవాడి బ్యాగు కంటే తక్కువేం కాదు. వాడిది పోతే ఇంకోటి కొనుక్కుంటాడు. మనది పోతే ఒక ఏడాది పోతుంది.